మూగబోయిన గొంతులు: ‘రేడియో డేస్’ చెప్పిన కథ, చెప్పని చరిత్ర

మన ఆలంకారికులు ముప్పైమూడు సంచారి భావాలను లెక్కించారు. స్మృతి వాటిలో ఒకటి. అది వచ్చి పోయే భావం. మరొక భావాన్ని పోషించి పక్కకు తప్పుకోవలసిందే తప్ప తానే సింహాసనమెక్కి కూర్చోవడానికి శాస్త్రం ఒప్పుకోదు. ఐతే ఆధునిక కాలంలో, ముఖ్యంగా వ్యాపార కళలో, స్మృతికి స్థాయీభావ ప్రతిపత్తి దొరికింది. ‘ఆ రోజులే వేరు’ అన్న ఒక్క మాట చుట్టూ నవలలు, నాటకాలు, చలనచిత్రాలు అల్లుకున్నాయి. ఇటువంటి రచనల్ని నెత్తిన పెట్టుకునే వాళ్ళున్నారు. తిరోగమన సాహిత్యమని ఒక్క వేటుతో కొట్టిపారేసే వాళ్ళూ ఉన్నారు. రెండూ విమర్శ అనిపించుకోవు. ఒక జ్ఞాపకం ఏం దాచుకుంది, ఏం దాచేసింది అని అడగడం విమర్శకుడి పని.

ఆ ప్రశ్న అడగడానికి తగిన చిత్రం ‘రేడియో డేస్’. అమెరికన్ దర్శకుడు వుడీ ఆలెన్ రాసి తీసిన ఈ హాస్య చిత్రం 1987 జనవరి 30న విడుదలయింది. న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో, సముద్రపు టొడ్డున రాకవే అనే పేటలో, ఒక యూదు మధ్యతరగతి కుటుంబం ఉంటుంది. మధ్యతరగతి అనడం కూడా మర్యాదకే. తాతా అమ్మమ్మా, పిన్నులూ, చిన్నాన్నా, వాళ్ళ పిల్లా, అందరూ ఒకే ఇంట్లో సర్దుకుని బతుకుతుంటారు. ఆ ఇంటి పిల్లవాడు జో. పెద్దవాడైన జో వెనకనుంచి కథ చెబుతుంటాడు. ఆ కంఠం దర్శకుడిదే. 1930ల చివరినుంచి 1944 సంవత్సరం తొలి క్షణాల దాకా జరిగిన ముచ్చట్లను ఒక దండగా గుచ్చాడు. ఇతివృత్తం అంటూ ఒకటి లేదు. దండలో దారం రేడియో.

చిత్రం తెరిపిడిలోనే హాస్యం స్వభావం తెలిసిపోతుంది. చీకట్లో ఇద్దరు దొంగలు ఒక ఇంట్లో పడతారు. టెలిఫోను మోగుతుంది. ఎత్తితే అటువైపు రేడియోలో పాటల పోటీ నడిపే వ్యాఖ్యాత. దొంగలు పాటల పేర్లు సరిగ్గా చెప్పి, బహుమతి గెలిచి, దోచుకున్న సొమ్ముతో వెళ్ళిపోతారు. మర్నాడు ఇల్లు పోయిందని ఏడుస్తున్న దంపతుల గుమ్మం ముందు బహుమతుల లారీ ఆగుతుంది. దొంగకూ దొరకూ ఒకే రేడియో! ఆ రోజుల్లో పాట తెలియని వాడు లేడని చెప్పడానికి ఇంతకంటే మంచి దృశ్యం దొరకదు.

ఈ హాస్యంలో నిజాయితీ ఉంది, దానిని ముందుగా ఒప్పుకోవాలి. చిత్రమంతా రెండు లోకాల మధ్య ఊగుతుంది. ఒకటి రాకవే వంటగది, రెండోది మాన్‌హటన్ నైట్‌క్లబ్బు. జో తల్లి గిన్నెలు కడుక్కుంటూ, పొద్దున్నే పలహారం చేస్తూ రాత్రి తాము తిరిగిన విందుల గురించి మాట్లాడుకునే ఐరీన్, రోజర్ అనే సంపన్న దంపతుల కార్యక్రమం వింటుంది. వాళ్ళ విందుకూ ఈమె గిన్నెలకూ మధ్య ఎంత దూరమో దర్శకుడు మాటల్లో చెప్పడు, పక్కపక్కన పెట్టి చూపిస్తాడు. జో తండ్రి ఏం పని చేస్తాడో ఇంట్లో ఎవరూ పిల్లవాడికి చెప్పరు. ఒకరోజు జో నగరంలో టాక్సీ ఆపితే లోపల డ్రైవరు సీట్లో తండ్రే కనిపిస్తాడు. చేసే పనిని కన్నకొడుకు దగ్గర దాచుకోవలసి రావడం నవ్వుకునే విషయంలా కనిపిస్తుంది గాని, ఆ నవ్వు గొంతులో ఎక్కడో అడ్డుపడుతుంది. పిల్లలందరికీ ఆరాధ్యుడైన ‘మాస్క్‌డ్ అవెంజర్’ అనే రేడియో వీరుడు నిజానికి బట్టతల పొట్టిమనిషి. సిగరెట్లు అమ్ముకునే శాలీ వైట్ తన కీచుగొంతును, పేటయాసను శిక్షణతో వదిలించుకుంటేగాని రేడియో తార కాలేదు. ఆమెకు దక్కిన మొదటి గొప్ప అవకాశం చెహోవ్ నాటకం. సరిగ్గా అప్పుడే 1941 డిసెంబరు 7, పెర్ల్ హార్బర్ వార్త వచ్చి నాటకాన్ని మింగేస్తుంది. ఆ తర్వాత ఆ గొంతు విరేచనాల మందు ప్రకటన పాడుతుంది. గొంతుకూ మనిషికీ మధ్య, ధ్వనికీ బతుకుకూ మధ్య ఉన్న ఈ ఎడమే చిత్రంలోని హాస్యానికి ఆలంబనం.

చిట్టచివర 1943 పోయి 1944 వచ్చే రాత్రి. రేడియో తారలంతా నైట్‌క్లబ్బు మేడమీదికి ఎక్కుతారు. కింద టైమ్స్ స్క్వేర్ దీపాలు. ముందు తరాలకు మనమెవరమో తెలుస్తుందా అని తమలో తాము అనుకుంటారు. మేడ దిగి వెళ్ళిపోతారు. ఏటేటా ఆ గొంతులు తన చెవిలో సన్నగిల్లిపోతున్నాయని కథకుడు ముగిస్తాడు. చూసినవారి కళ్ళు చెమరుస్తాయి. చెమర్చనివ్వండి. కళ్ళు తుడుచుకున్న తర్వాత ఒక ప్రశ్న వేసుకుందాం. ఆ గొంతులు వాటంతటవే సన్నగిల్లాయా? జుట్టు నెరిసినట్టు, ఆకు రాలినట్టు, అది కాలధర్మమా? చిత్రం అవుననే భ్రమ కలిగిస్తుంది. చరిత్ర మరోమాట చెబుతుంది. దాన్ని చూడాలంటే ఆ రేడియో ఎవరిదో ముందు తెలుసుకోవాలి.

అమెరికాలో క్రమమైన రేడియో ప్రసారానికి నాందిగా 1920 నవంబరు 2ను చెబుతారు. ఆ రాత్రి పిట్స్‌బర్గ్‌లో వెస్టింగ్‌హౌస్ కంపెనీ వారి కె.డి.కె.ఎ. స్టేషను అధ్యక్ష ఎన్నికల ఫలితాలు చెప్పింది. కంపెనీ ఉద్దేశం రేడియో పెట్టెలు అమ్ముకోవడం, పెట్టె కొన్నవాడికి వినడానికేదో ఒకటి కావాలి కదా. ఆ తొలిరోజుల్లో విశ్వవిద్యాలయాలు, చర్చీలు, పత్రికలు, కార్మిక సంఘాలు, ఉత్సాహవంతులైన కుర్రవాళ్ళు కూడా ప్రసారాలు చేశారు. 1922లో వాణిజ్యశాఖ కార్యదర్శిగా ఉన్న హెర్బర్ట్ హూవర్, ఇంత గొప్ప సాధనాన్ని వ్యాపార ప్రకటనల గోలలో ముంచేయడం ఊహించలేనిదన్నాడు. ఆయన పెట్టుబడికి శత్రువేమీ కాదు, తర్వాత రిపబ్లికన్ అధ్యక్షుడైనవాడే. ఐనా అదే సంవత్సరం ఆగస్టు 28న న్యూయార్క్‌లో టెలిఫోను గుత్తసంస్థ ఎ.టి. అండ్ టి. నడిపిన వీఫ్ స్టేషను సమయాన్ని డబ్బుకు అమ్మింది. కొన్నది ఒక స్థిరాస్తి సంస్థ. నగరపు ఇరుకులోంచి బయటపడి క్వీన్స్‌లో మేం కట్టిన ఇళ్ళలోకి రండి అని దాని సారాంశం. జో కుటుంబం ఇరుక్కుని బతికిన పేట ఉన్నది కూడా ఆ క్వీన్స్‌లోనే. డబ్బిచ్చి చేయించిన తొలి రేడియో ప్రకటనగా చరిత్రకెక్కిన మాటలు విశాలమైన ఇల్లు ఇస్తామన్న మాటలు కావడం, ఆ తర్వాత పాతికేళ్ళ రేడియో కథకు మంచి ప్రస్తావన.

1926లో ఆర్.సి.ఎ., జనరల్ ఎలక్ట్రిక్, వెస్టింగ్‌హౌస్ కలిసి ఎన్.బి.సి. నెట్‌వర్కును స్థాపించాయి. 1927లో మొదలైన సి.బి.ఎస్.ను మరుసటి సంవత్సరం విలియం పేలీ చేజిక్కించుకున్నాడు. ఆయన చుట్టల తయారీ కుటుంబానికి చెందినవాడు. రేడియోలో ప్రకటిస్తే చుట్టల అమ్మకం పెరగడం కళ్ళారా చూసి ఈ రంగంలోకి దిగాడు. 1927లో ఏర్పడిన ఫెడరల్ రేడియో కమిషన్ మరుసటేడు తరంగాలను తిరిగి పంచింది. ఆ పంపకంలో శక్తివంతమైన, అడ్డులేని చానెళ్ళు పెద్ద వాణిజ్య స్టేషన్లకు దక్కాయి. విద్యాసంస్థల స్టేషన్లకు, సంఘాల స్టేషన్లకు మిగిలినవి పగటిపూట గంటలు, పంచుకునే చానెళ్ళు. చికాగోలో 1926లో కార్మిక సమాఖ్య పెట్టిన డబ్ల్యు.సి.ఎఫ్.ఎల్. తన చోటుకోసం ఏళ్ళ తరబడి పోరాడింది. న్యూయార్క్‌లో సోషలిస్టులు 1927లో ఒక స్టేషను పెట్టి, తమ నాయకుడు యూజీన్ డెబ్స్ పేరులోని అక్షరాలతో డబ్ల్యు.ఇ.వి.డి. అని పేరు పెట్టుకున్నారు. దాని లైసెన్సు ఊడబెరకడానికి కూడా ప్రయత్నం జరిగింది. అది నిలిచి, 1930లలో యిద్దిష్ భాషలో మాట్లాడే లక్షల శ్రామికుల ఇళ్ళలోకి ఆ భాషను తీసుకుపోయింది. జో తాతల తరంవారి భాష అది.

నిర్ణాయక ఘట్టం 1934. ఆ సంవత్సరం ప్రసార చట్టం తయారవుతుండగా, రేడియో చానెళ్ళలో నాలుగోవంతు లాభాపేక్షలేని సంస్థలకు కేటాయించాలని వాగ్నర్, హాట్‌ఫీల్డ్ అనే సెనేటర్లు సవరణ ప్రతిపాదించారు. విద్యావేత్తలు, మతసంస్థలు, కార్మిక నాయకులు దాన్ని బలపరిచారు. నెట్‌వర్కులు సర్వశక్తులూ ఒడ్డి వ్యతిరేకించాయి. సెనేట్‌లో 42-23 ఓట్లతో సవరణ వీగిపోయింది. గాలి ఎవరి సొత్తు అన్న ప్రశ్నకు ఆనాడు జవాబు ఖాయమైంది. చట్టంలో గాలి ప్రజలదే. వ్యవహారంలో అద్దెకున్నవాడే ఆసామి అయ్యాడు. 1930లో అమెరికన్ కుటుంబాల్లో నూటికి 40 ఇళ్ళలో రేడియో ఉంటే, 1940 నాటికి నూటికి 80కి పైగా ఇళ్ళలో ఉంది. జో బాల్యం సరిగ్గా ఈ తీర్పు వెలువడ్డ తర్వాతి బాల్యం. వుడీ ఆలెన్ పుట్టింది 1935లో!

మన పాఠకులకు ఇక్కడ ఒక వివరణ అవసరం. మన దేశంలో ఆకాశవాణి ప్రభుత్వ సంస్థగా పెరిగింది. విన్నవాడు తపాలా కార్యాలయంలో లైసెన్సు రుసుం కట్టాడు. ప్రకటనలు వివిధభారతిలోకి వచ్చింది 1967లో. ప్రభుత్వ రేడియోకు దాని జబ్బులు దానికున్నాయి, ఏలినవారి మాటే వేదవాక్కుగా వినిపించడం వాటిలో పెద్దది. అమెరికా జబ్బు వేరు. అక్కడ నాటకానికి మధ్యలో ప్రకటన రావడం కాదు జరిగింది. నాటకమే ప్రకటనదారు సొత్తు. నెట్‌వర్కు సమయం అమ్మేది. సబ్బుల కంపెనీయో సిగరెట్ల కంపెనీయో కొనేది. కంపెనీ పక్షాన ప్రకటనల ఏజెన్సీ రచయితను, నటులను, సంగీతకారులను కుదిర్చేది. ‘మా పర్కిన్స్’ అనే ధారావాహిక 1933లో మొదలయింది. దాని వెనక ఉన్నది ప్రాక్టర్ అండ్ గాంబుల్ వారి ఆక్సిడాల్ సబ్బుపొడి. పగటిపూట వంటింట్లో ఉన్న ఆడవాళ్ళ కన్నీళ్ళను సబ్బునీళ్ళతో కలిపిన ఈ వ్యాపారం వల్లనే ‘సోప్ ఒపేరా’ అనే మాట పుట్టింది.

చిత్రంలో ఈ సంగతి లేకపోలేదు. జోకు మాస్క్‌డ్ అవెంజర్ ఉంగరం కావాలి, లోపల రహస్యపు అర ఉండే ఉంగరం. యూదుల స్వదేశం కోసమని హీబ్రూ బడి పిల్లలచేత ఇంటింటా చందాలు వసూలు చేయిస్తే ఆ డబ్బు కాజేయబోతాడు. దొరికిపోతాడు. మతగురువు ముందు తల్లీ తండ్రీ గురువూ ఒకరిమీద ఒకరు పోటీపడి పిల్లవాడిని వాయిస్తారు. ఎంత నవ్వొస్తుందో! నిజచరిత్రలో ఆ ఉంగరాల వంటివి, రహస్యలిపి బిళ్ళలు, ‘లిటిల్ ఆర్ఫన్ ఆనీ’ వంటి కార్యక్రమాలవి. వాటిని పొందాలంటే ఓవల్టిన్ డబ్బా మూతలోని ముద్ర పంపాలి. అంటే పిల్లవాడి వీరపూజకూ తల్లి కొనే డబ్బాకూ మధ్య లెక్క కుదిరిన తర్వాతనే ఆ వీరుడు పుట్టాడు. చిత్రంలో దెబ్బలు తిన్నది పిల్లవాడు. కోరిక తయారుచేసి అమ్మినవాడు తెరమీదికి రాడు. దర్శకుడి హాస్యం సున్నితమైనది కావడం వల్ల ఆ చెయ్యి అతనికి కనిపించకుండా పోయిందని నా అభిప్రాయం.

ఐతే శ్రోతలను కేవలం మోసపోయిన గొర్రెలమందగా చూడడం కూడా పొరపాటే. పైనుంచి వచ్చినదాన్ని జనం తమ పద్ధతిలో వాడుకున్నారు. అక్కకూతురు రూథీ రేడియోలో కార్మెన్ మిరాండా పాటకు తలగుడ్డ చుట్టుకుని పెదవులు కలుపుతుంటే తండ్రీ, పిన్నమ్మ మొగుడూ వంతపాడతారు. ఇరుకింట్లో ఆ నిమిషం పండుగ. పెళ్ళికాని బీ పిన్ని ప్రతి పాటలోనూ రాని వరుణ్ణి వెతుక్కుంటుంది. ఒక రాత్రి ఆమెను కారులో షికారు తీసుకుపోయినవాడు, ఆర్సన్ వెల్స్ అంగారక గ్రహవాసుల దండయాత్ర నాటకం విని, ఆమెను పొగమంచులో వదిలేసి పరుగెడతాడు. ఆమె మైళ్ళు నడిచి ఇల్లు చేరుతుంది. ఆ నాటకం 1938 అక్టోబరు 30న సి.బి.ఎస్.లో వచ్చింది. దేశమంతా వీధుల్లో పడి పరుగెత్తిందన్న కథను తర్వాతి పరిశోధకులు బాగా తగ్గించారు. ఆ కథను పెంచినవి వార్తాపత్రికలు. తమ ప్రకటనల ఆదాయాన్ని రేడియో లాక్కుంటున్నదన్న కడుపుమంట వాటికుంది. గమనించవలసిన విషయం మరొకటుంది. ఆ నాటకానికి అప్పటికి ఏ కంపెనీ పోషణా లేదు. యజమాని లేని గంటలోనే అంత సాహసమైన రూపం పుట్టింది. సంచలనం తర్వాత దాన్ని కాంప్‌బెల్ సూప్ కంపెనీ కొనుక్కుంది.

చిత్రంలోకెల్లా ఉత్తమ ఘట్టం పాలీ ఫెల్ప్స్ అనే పాప బావిలో పడిన వార్త. జోను బెల్టుతో కొడుతున్న తండ్రి రేడియో విని చెయ్యి ఆపుతాడు. దేశం నలుమూలలా ఇళ్ళలో, హోటళ్ళలో మనుషులు ఊపిరి బిగబట్టి వింటారు. పాప బతకదు. కొట్టడం మొదలుపెట్టిన తండ్రి కొడుకును ఒళ్ళోకి తీసుకుని హత్తుకుంటాడు. రేడియో మనుషుల్ని ఎంత దగ్గర చేయగలదో ఇంత క్లుప్తంగా చెప్పిన సన్నివేశం మరొకటి నాకు తెలియదు. దీనికి దగ్గరి నిజసంఘటన 1949 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలో జరిగింది. మూడేళ్ళ పాప పాడుబడ్డ బావిగొట్టంలో పడి చనిపోయింది. ఆ ఘటనను స్థానిక టెలివిజన్ ఇరవై ఏడు గంటలకు పైగా ప్రత్యక్షంగా చూపింది. అమెరికా టెలివిజన్ తన బలాన్ని గుర్తించిన రోజుగా దాన్ని చెప్పుకుంటారు. రేడియో వారసుడి విజయగాథ వంటి దుఃఖాన్ని ఈ చిత్రం రేడియోకే తిరిగి కట్టబెట్టింది. జ్ఞాపకం చేసే పని ఇదే. తను ప్రేమించినదానికి ఇంకొకరి నగలు కూడా పెడుతుంది. నిజానికి రేడియోకు ఆ అరువు అవసరం లేదు. 1936 ఏప్రిల్‌లో కెనడాలోని మూస్ రివర్ బంగారు గనిలో ముగ్గురు చిక్కుకున్నప్పుడు, అక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థ ప్రతినిధి ఫ్రాంక్ విల్లిస్ గని దగ్గర నిలబడి అరగంటకోసారి వార్త చెప్పాడు. అమెరికాలోని వందల స్టేషన్లు దాన్ని అందుకున్నాయి. ఒక ఖండం మొత్తం గనిలోని మనుషుల కోసం చెవి ఒగ్గింది.

ఇక చిత్రంలో వినిపించని గొంతుల సంగతి. ఆ కాలపు అత్యంత జనాదరణ పొందిన కార్యక్రమాల్లో ‘ఏమస్ అండ్ ఆండీ’ ఒకటి. ఇద్దరు తెల్లవాళ్ళు నల్లవారి యాసను అనుకరించి నవ్వించేవారు. 1931లో పిట్స్‌బర్గ్ కొరియర్ అనే నల్లజాతి పత్రిక దానికి వ్యతిరేకంగా సంతకాల ఉద్యమం నడిపింది. నీగ్రోల గొంతు గాలిలో ఉంది, నీగ్రో లేడు. దాని ఛాయ కూడా చిత్రంలో పడలేదు. ఫాదర్ కాగ్లిన్ గొంతు మరొకటి. డెట్రాయిట్ దగ్గరి చర్చి నుంచి ప్రతి ఆదివారం మాట్లాడిన ఈ మతగురువు, 1938 నాటికి యూదుల మీద బాహాటంగా విషం కక్కాడు. జర్మనీలో యూదుల ఇళ్ళూ ప్రార్థనాలయాలూ తగలబడిన నవంబరులోనే ఆయన చేసిన ప్రసంగం విని న్యూయార్క్‌లోని డబ్ల్యు.ఎం.సి.ఎ. స్టేషను ఆ ప్రసారాలు మానేసింది. రాకవే యూదుల ఇళ్ళలో పాటలు పలికిన పెట్టెకూ ఈ గొంతు అందుబాటులోనే ఉంది. పిల్లవాడి జ్ఞాపకంలో అది లేదంటే నమ్ముతాం. పెద్దవాడైన కథకుడికి లేకపోవడం మాత్రం ఎంపిక.

సంగీతం సంగతీ అంతే. ఈ చిత్రం నడిచేదే ఆనాటి పాటల మీద. గ్రామఫోను రికార్డులు రేడియోలో మోగుతుంటే సజీవ వాద్యకారుల పొట్ట కొట్టినట్టవుతున్నదని, రికార్డుకింత అని తమకు వాటా కావాలని, జేమ్స్ పెట్రిల్లో నాయకత్వంలో సంగీతకారుల సంఘం 1942 ఆగస్టు 1 నుంచి రికార్డింగులు బహిష్కరించింది. డెక్కా కంపెనీ 1943లో దిగివచ్చింది. ఎన్.బి.సి. యజమాని ఆర్.సి.ఎ. వారి విక్టర్ కంపెనీ, కొలంబియా కంపెనీ 1944 నవంబరు దాకా మొండికేశాయి. అంటే చిత్రం ముగిసే ఆ నూతన సంవత్సరపు రాత్రి, మేడమీద తారలు కాలం గురించి తత్వం మాట్లాడుకుంటున్న వేళకు, కింద వాద్యకారుల సమ్మె నడుస్తూనే ఉంది. తమ గొంతు తర్వాతి తరాలకు వినిపిస్తుందా అన్న ప్రశ్న వాళ్ళకు తత్వం కాదు, కూలి లెక్క.

ఒక్కచోట మాత్రం చిత్రం రాజకీయానికి బాగా దగ్గరగా వస్తుంది. యూదుల ఉపవాస దినాన పక్కింటి కమ్యూనిస్టులు రేడియో గట్టిగా పెడతారు. నిలదీయడానికి వెళ్ళిన ఏబ్ బాబాయి గంట తర్వాత కడుపునిండా పందిమాంసం తిని, నోటినిండా వర్గపోరాటం మాట్లాడుతూ తిరిగొస్తాడు. వెంటనే గుండెల్లో నొప్పి, దేవుడు శిక్షించాడేమోనని భయం! ఈ హాస్యానికి మనం చిన్నబుచ్చుకోనక్కరలేదు. ఒక్క పూట ఉపన్యాసంతో విప్లవకారులైపోయేవాళ్ళను మనమూ ఎరుగుదుం. నన్ను ఆకర్షించింది మరొక విషయం. ఏబ్ వేషం వేసిన జాష్ మాస్టెల్, సుప్రసిద్ధ హాస్యనటుడు జీరో మాస్టెల్ కుమారుడు. 1950లలో కమ్యూనిస్టు వ్యతిరేక వేటలో జీరో మాస్టెల్‌కు సినిమాల్లో, టెలివిజన్‌లో పని లేకుండా చేశారు. ఆ వేటనే వస్తువుగా 1976లో మార్టిన్ రిట్ తీసిన ‘ద ఫ్రంట్’లో జీరో మాస్టెల్, వుడీ ఆలెన్ కలిసి నటించారు. అంటే పక్కింటి కమ్యూనిస్టులకు తర్వాత ఏం జరిగిందో ఈ దర్శకుడికి బాగా తెలుసు.

ఏం జరిగింది? 1950 జూన్‌లో ‘రెడ్ చానెల్స్’ అనే కరపత్రం వంటి పుస్తకం వెలువడింది. రేడియో, టెలివిజన్ రంగాల్లోని 151 మంది పేర్లు అందులో ఉన్నాయి. విచారణ లేదు, శిక్ష లేదు. పేరుంటే చాలు, పని పోయేది. ఆ జాబితాలో ఆర్సన్ వెల్స్ ఉన్నాడు. నార్మన్ కార్విన్ ఉన్నాడు. పెర్ల్ హార్బర్ జరిగిన ఎనిమిదో రోజున పౌరహక్కుల మీద ఈ కార్విన్ రాసిన రేడియో నాటకాన్ని నాలుగు నెట్‌వర్కులూ కలిసి ప్రసారం చేశాయి. ఆ హక్కుల గొంతునే తొమ్మిదేళ్ళకు అనుమానితుల పట్టీలో చేర్చారు. ఆ పట్టీకి కత్తి పదును ఇచ్చింది ప్రకటనదారు భయం. సబ్బు అమ్ముకునేవాడికి వివాదం అక్కరలేదు. 1934లో గాలిని ఎవరికి అప్పగించారో, 1950లో గొంతు నొక్కే అధికారం వారి చేతికే వెళ్ళింది.

మిగిలిన గొంతులను టెలివిజన్ మింగింది అంటారు. ఈ మాట సగమే నిజం. 1950లో అమెరికన్ ఇళ్ళలో నూటికి 9 చోట్ల టెలివిజన్ ఉండేది. 1960 నాటికి 87 చోట్ల ఉంది. శ్రోతలు కొంత మారిన మాట నిజమే. ఐతే వారికంటే ముందు మారింది ప్రకటనల డబ్బు. రేడియో నెట్‌వర్కుల యజమానులే టెలివిజన్ నెట్‌వర్కుల యజమానులు కూడా. ఒక చేతిలో సంపాదించింది మరో చేతిలో పెట్టుబడి పెట్టారు. 1960 నవంబరు 25న సి.బి.ఎస్. తన చివరి పగటి ధారావాహికలను ఒకేరోజు ముగించింది. ఇరవై ఏడేళ్ళ ‘మా పర్కిన్స్’ ఆ శుక్రవారమే ఆగింది. 1962 సెప్టెంబరు 30న ఆ నెట్‌వర్కులో మిగిలిన చివరి నాటక కార్యక్రమాలు రెండూ ముగిశాయి. వింటున్నవాళ్ళు అప్పటికీ ఉన్నారు. కొనేవాడు లేడు. ఆ గొంతులు ముసలివై తగ్గిపోలేదు. ఫలానా తారీకున, ఫలానా కార్యాలయంలో, ఫలానా లెక్క చూసి ఆపేశారు.

ఇంతకూ ఈ స్మృతిచిత్రం 1987లో ఎందుకు వచ్చింది? దర్శకుడి వయసు యాభై దాటింది కనుక అన్నది ఒక జవాబు. కాలం చెప్పే జవాబు మరొకటుంది. అప్పుడు అధ్యక్ష పీఠం మీద ఉన్న రొనాల్డ్ రీగన్ 1930లలో రేడియో క్రీడావ్యాఖ్యాత. టెలిగ్రాఫు చీటీలు చూసి, ఆట కళ్ళముందు జరుగుతున్నట్టు కల్పించి చెప్పిన దిట్ట. ఒకసారి తీగ తెగిపోతే లేని బంతులు సృష్టించి నెట్టుకొచ్చానని తానే ముచ్చటగా చెప్పుకునేవాడు. పోయిన మంచిరోజుల్ని తిరిగి తెస్తానని చెప్పి గద్దెనెక్కినవాడు. ఆర్.సి.ఎ.ను 1919లో పుట్టించిన జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ 1986లో దాన్ని తిరిగి కొని మింగింది. 1987లోనే ఎన్.బి.సి. రేడియో నెట్‌వర్కు వెస్ట్‌వుడ్ వన్ అనే సంస్థకు అమ్ముడుపోయింది. ఆ ఆగస్టులోనే, వివాదాస్పద విషయాల్లో ఇరుపక్షాలకూ చోటివ్వాలన్న ప్రసార నియమాన్ని ప్రభుత్వ కమిషన్ రద్దుచేసింది. రేడియో రోజుల్ని తలచుకుని ప్రేక్షకులు చీకటి హాళ్ళలో కన్నీరు పెట్టుకున్న సంవత్సరంలోనే, బయట వెలుతురులో ఆ రేడియోను ముక్కలుగా వేలం వేశారు.

ఇందువల్ల ‘రేడియో డేస్’ విలువ తగ్గదు. బీ పిన్ని ఒంటరితనం, టాక్సీ తండ్రి సిగ్గు, బెల్టు జారిపోయిన ఆ చెయ్యి, ఇవి అబద్ధాలు కావు. వంటింటి బల్ల దగ్గర గుమిగూడి విన్న మనుషుల ప్రేమ వాళ్ళదే, ఏ కంపెనీ దాన్ని తయారుచేయలేదు. మనం జాగ్రత్తపడవలసింది ఆ ప్రేమ యజమానికి హక్కుపత్రంగా మారకుండా. బాల్యంలో మనల్ని లాలించిన పాటను ఎవడో అమ్ముకున్నాడని తెలిస్తే పాట చేదుకాదు. ఆ పాడినవాడి కూలి గుర్తుకొస్తుంది, పాడనివ్వని వాడి పేరు గుర్తుకొస్తుంది. శాస్త్రకారులు స్మృతిని సంచారి అన్నది ఇందుకే కావచ్చు. అది ఒకచోట కూర్చోకూడదు. వంటింట్లో పుట్టి, వీధిలోకి వచ్చి, సెనేట్‌లో పోయిన ఆ ఓట్ల దాకా, పట్టీకెక్కిన ఆ 151 పేర్ల దాకా నడవాలి. అలా నడిచిన జ్ఞాపకానికే చరిత్ర అని పేరు.